పదిహేనో వరసలో అడ్డగీతలు

దర్జీకి కోపం వస్తే మిషను ఆగదు, ఇంకా జోరందుకుంటుంది. ఆ రోజు పొద్దున ఎంత జోరందుకుందంటే, ఎవరో పెద్దమనిషి ప్యాంటు రెండు కాళ్ళూ కలిపి ఒకే కుట్టులో లాగించేశాడు. చూసుకుని, తనను తానే నాలుగు తిట్టుకుని, బ్లేడు తీసి కుట్లు విప్పుతూ కూర్చున్నాడు. కోపం ప్యాంటు మీద కాదు, పెద్దమనిషి మీదా కాదు. పెళ్ళాం మీద. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆవిడ మీద వచ్చిన కోపాలన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు.

ఆవిడేమో ఏమీ పట్టనట్టు అద్దం ముందు నిలబడి తల దువ్వుకుంటోంది. మధ్యాహ్నం చట్టసభ కమిటీ ముందు ఆవిడ సాక్ష్యం చెప్పాలి.

"అడిగితేనే చెప్తానండీ. అడక్కపోతే నాకేం పని?" అంది.

"అడిగినా చెప్పకు! ఇన్నాళ్ళూ ఇంట్లో కూర్చుని బొత్తాలు కుట్టానని చెప్పు. కుట్టావా లేదా? ఈ బల్ల మీదున్న చొక్కాలన్నిటికీ బొత్తాలు నువ్వు కుట్టినవే. అదేమన్నా అబద్ధమా?"

"అబద్ధం కాదు."

"మరింకేం?"

ఆవిడ దువ్వెనకు చిక్కిన వెంట్రుకలు తీసి చుట్టి పారేసింది.  జవాబు రానప్పుడే దర్జీకి భయం ఎక్కువ.

అసలు సంగతి తెలియాలంటే ఆవిడ చేసే పని తెలియాలి. ఆ వార్డులో చిన్నాపెద్దా అందరూ ఆవిడను నాలుకక్క అంటారు. పేరు విని పెద్ద గయ్యాళి అనుకునేరు, పాపం మాటలు తక్కువ. ప్రజారోగ్య శాఖలో ఇరవై రెండేళ్ళు పనిచేసింది. పనేమిటంటే, పొద్దున ఆరున్నరకల్లా సంచి భుజాన వేసుకుని క్షయ రోగుల ఇళ్ళకు వెళ్ళడం, వాళ్ళు మాత్రలు మింగుతుంటే ఎదురుగా నిలబడి చూడడం. అంతే.

ఓస్, ఇంతేనా అనిపిస్తుంది కదూ! ఆ మందు ఆరు నెలలు రోజూ మింగాలి. మొదటి నెల దాటేసరికే దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, ఒళ్ళు తేలికపడుతుంది. ఇంకా ఈ గుప్పెడు మాత్రలెందుకని మనిషికి విసుగు పుడుతుంది. పైగా అవి వేసుకుంటే మూత్రం ఎర్రగా వస్తుంది. రక్తమేమోనని హడలిపోయి మానేసేవాళ్ళు కొందరు. మధ్యలో మానేస్తే జబ్బు మళ్ళీ లేచి కూర్చుంటుంది, ఈసారి ఆ మందుకు లొంగదు, ఇంట్లో పసిపిల్లలకు కూడా అంటుకుంటుంది. అందుకే ఎవరో ఒకరు ఎదురుగా నిలబడాలి. ఆవిడ నిలబడేది. "మింగావా? ఏదీ, నోరు తెరు. నాలుక ఎత్తు," అనేది. నాలుక కింద మాత్ర దాచేవాళ్ళు ఎంతమందో మీకు తెలియదు. లేదని చూసుకున్నాకే కార్డు మీద ఆ రోజు గడిలో ఒక టిక్కు. తను చూడని రోజైతే అడ్డగీత. రోగి వేసుకున్నానని ప్రమాణం చేసినా సరే, కళ్ళతో చూడకపోతే అడ్డగీతే. అది ఆ ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నేర్పే నియమం. రెండో నెలకే అందరూ మర్చిపోయే నియమం కూడా అదే.

ఒక్క ఇంట్లో మాత్రం ఆవిడ ఆటలు సాగలేదు. అది సొంత ఇల్లు. దర్జీకి ఆరేళ్ళుగా బీపీ. రోజూ పొద్దున ఒక చిన్న తెల్ల మాత్ర వేసుకోవాలి.

"వేసుకున్నారా?"

"వేసుకున్నాను."

"ఏదీ, నోరు తెరవండి."

"నేను నీ రోగిని కాదే, మొగుణ్ణి!"

కొన్నాళ్ళకు ఆవిడ నోరు తెరవమనడం మానేసింది. నెగ్గానని దర్జీ తెగ మురిసిపోయాడు.

ఇలా ఉండగా, పైన ఎవరికో ఒక లెక్క తట్టింది. మాత్ర ఇంటికే ఇచ్చేస్తున్నాం, మింగేది రోగి, మధ్యలో ఊరికే నిలబడి చూసేవాళ్ళకు జీతమా? ఒకే కాగితం మీద మూడు వందల పన్నెండు మంది ఉద్యోగాలు ఎగిరిపోయాయి. నాలుకక్క సంచి, గుర్తింపు కార్డు, రోగుల కార్డులు అన్నీ ఆఫీసులో అప్పగించి వచ్చింది. సంచి ఇచ్చేముందు దాని పట్టీకి ఊడిన కుట్టు ఒకటి దర్జీ చేత వేయించింది. తీసేసినవాళ్ళకు కుట్టేసి మరీ ఇస్తావా అని దర్జీ కస్సుమన్నాడు. "రేపు ఎవరి భుజానికి వేస్తారో, తెగితే మాత్రలు రోడ్డు పాలవుతాయి," అంది ఆవిడ.

తర్వాత ఎనిమిది తొమ్మిది నెలలు ఇంట్లో అంతా సవ్యంగానే ఉందనుకున్నాడు దర్జీ. పొద్దున్నే ఆవిడ కాసేపు నడిచొచ్చేది. మోకాళ్ళకు మంచిదని డాక్టరు చెప్పాడంది. ఏ డాక్టరని ఈయన అడగలేదు. వచ్చి బొత్తాలు కుట్టేది, కాజాలు తీసేది. ఒక రోజు ఒక తాపీమేస్త్రి దుమ్ము కాళ్ళతో కొట్లోకి వచ్చి నిలబడ్డాడు.

"బావా, నీకు దండం పెడతాను, మా అక్కకి కాస్త చెప్పు. పని దగ్గర నా పరువు తీస్తోంది."

"ఏం చేసింది?"

"ఇసక జల్లెడ పట్టింది! నేను... అదే, ఒకటీ అరా మాత్ర ఉమ్మేశాననుకో. కడుపులో తిప్పితే ఏం చెయ్యమంటావ్? మీ ఆవిడ మా ఇసక కుప్ప దగ్గర చతికిలబడి, జల్లెడ తెచ్చి, పనివాళ్ళందరూ చూస్తుండగా జల్లించింది. నాలుగు దొరికాయి. ఒక్క మాటంటే ఒట్టు. ఆ నాలుగూ నా అరచేతిలో పెట్టి వెళ్ళిపోయింది. ఇప్పుడు నాలుకతో పాటు బుగ్గలు కూడా లాగి చూస్తోంది. కూలీలు నన్ను బుగ్గలోడని పిలుస్తున్నారు బావా!"

దర్జీకి నవ్వు రాలేదు.  మేస్త్రిని పంపించేసి కొట్టంతా గాలించాడు. ఆధారం ఎక్కడో లేదు, ఆయన చేతి కిందే ఉంది. ఆయన కొలతల పుస్తకం. లావుపాటి అట్ట పుస్తకం, ముందు నుంచి ఆయన ఛాతీలూ నడుములూ రాసుకుంటాడు. వెనక్కి తిప్పితే, అక్కడి నుంచి ఆవిడ గడులు గీసుకుంది. పేర్లు లేవు. ఎవరికి జబ్బుందో బయటపడకూడదు కదా, అందుకని ఇంటి గుర్తులు: నీలం తలుపు, మెట్ల కింద, రెండు సైకిళ్ళు, తాపీ. గుర్తుల ముందు రోజుకొకటి చొప్పున టిక్కులు. రెండు పేజీలు తిప్పి ఠపీమని మూసేశాడు.

"ప్రభుత్వం నిన్ను పొమ్మంది! ఇంకా ఎందుకే ఈ చాకిరీ?" అని అరిచాడు.

"పొమ్మంది నన్నండీ. మాత్రలు మానెయ్యమని వాళ్ళకి చెప్పలేదుగా," అంది ఆవిడ, కాజా తీస్తూనే.



ఇక బిల్లు సంగతి. తీసేసిన ఆరోగ్య కార్యకర్తలందరినీ మళ్ళీ ఉద్యోగాల్లోకి తీసుకోవాలని చట్టసభలో ఒక సభ్యురాలు బిల్లు పెట్టింది. కార్యకర్తల సంఘం వాళ్ళు పండగ చేసుకున్నారు. కానీ అందులో ఆరో క్లాజు అని ఒకటి వచ్చి కూర్చుంది. ఎక్కడో ఎవడో, తీసేశాక కూడా పాత గుర్తింపు కార్డు మెడలో వేసుకుని ఇంటింటికీ తిరిగి డబ్బు దండుకున్నాడట. వాడి పుణ్యమా అని, తొలగించిన కాలంలో అధికారం లేకుండా ఆ విధులు నిర్వహించినవారికి ఈ చట్టం వర్తించదు అని రాశారు. సంఘం కార్యదర్శి ఆ ముక్క చదివి, పరుగున దర్జీ ఇంటికి వచ్చింది. ఆవిడ కూడా తీసేసినవాళ్ళలో ఒకతే, నాలుకక్క దగ్గర పని నేర్చుకున్న పిల్ల. చురుకైనది, నోరు గలది. వెనక పేజీల సంగతి ఆవిడకూ తెలుసు.

"అక్కా, కమిటీ ముందు నువ్వే మాట్లాడాలి. నీ అంత సర్వీసు ఎవరికీ లేదు. కానీ ఆ పుస్తకం సంగతి బయట పడిందా, నీ ఉద్యోగం గోవిందా. బావా, ముందు ఆ పుస్తకం తగలబెట్టు!"

"తగలబెడితే నా కొలతలో? పద్దెనిమిది మంది బట్టలున్నాయి చేతిలో," అన్నాడు దర్జీ.

"అయితే దాచు. అక్క చేతికి దొరక్కుండా దాచు."

దర్జీకి ఎక్కడ దాచినా నమ్మకం కుదరలేదు. ఇంట్లో పెడితే ఆవిడ తీసుకొస్తుంది. చివరికి సాక్ష్యం రోజున ఆ పుస్తకాన్ని తన సంచిలో, టేపు కింద, కత్తెర కింద అడుక్కు తోసి, సంచి గట్టిగా చంకలో ఇరికించుకుని బయల్దేరాడు. తన చంకలో ఉంటే ఇక దిగుల్లేదనుకున్నాడు. పిచ్చి మారాజు.

కమిటీ గది మూడో అంతస్తులో. పొడుగాటి బల్ల, ఏడు కుర్చీలు, ప్రతి కుర్చీ ముందూ ఒక నీళ్ళ సీసా. ఫ్యాను తిరిగినప్పుడల్లా కాగితాలు ఎగరకుండా ఒకరు సీసా పెట్టారు, ఒకరు మోచెయ్యి పెట్టారు. మధ్యలో అధ్యక్షురాలు, బిల్లు పెట్టింది ఆవిడే. కుడి చివర ఒకాయన, ముందర నాలుగు ఫైళ్ళు. ఆయన్ను అందరూ లెక్కల సభ్యుడంటారు. చెడ్డవాడు కాదు, లంచం ఎరగడు. ప్రభుత్వ సొమ్ము ఒక్క పైసా వృథా కాకూడదని పట్టుదల. అలాంటివాడు ఎదురుపడితే మరీ కష్టం, తిట్టుకోవడానికి కూడా ఏమీ దొరకదు. గోడ వారగా ఉన్న కుర్చీల్లో దర్జీ, కార్యదర్శి పక్కపక్కన కూర్చున్నారు.

నాలుకక్క నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు. ఇరవై రెండేళ్ళుగా నిలబడి చేసిన పని, కూర్చుని చెప్పడం ఆవిడకు చేతకాదు. ఎన్నేళ్ళు చేసింది, ఎంతమందికి నయమైంది, అన్నీ పొడిపొడిగా చెప్పింది. అంతవరకూ బాగానే నడిచింది. కార్యదర్శి దర్జీ మోచెయ్యి నొక్కి, అయిపోయినట్టే బావా అని గుసగుసలాడింది.

అప్పుడు లెక్కల సభ్యుడు ఒక ఫైలు తెరిచాడు.

"అమ్మా, మీ సేవ గొప్పదే, నేను కాదనను. కానీ ఒక్క లెక్క చూడండి. మిమ్మల్ని తీసేసి పదకొండు నెలలు. ఈ పదకొండు నెలల్లో మీ వార్డులో ఈ మందు వాడినవాళ్ళు పద్నాలుగు మంది. మధ్యలో మానేసినవాళ్ళు ఎంతమందో తెలుసా? సున్నా! మీరున్న రోజుల్లో కూడా ఏడాదికి ఒకరో ఇద్దరో మానేవాళ్ళు. ఇప్పుడు ఎవరూ ఎదురుగా నిలబడ్డం లేదు, అయినా పద్నాలుగు మందీ బుద్ధిగా మింగారు. మిగతా వార్డుల్లో ముగ్గురికొకరు మానేశారని మీ సంఘం గోల పెడుతోంది. అది ఆ మనుషుల నిర్లక్ష్యం. కార్యకర్త లేకపోయినా పని నడుస్తుందనడానికి మీ వార్డే రుజువు. మరి ఈ బిల్లు ఎందుకు?"

అటు పక్కనున్న ఇద్దరు సభ్యులు తలలూపారు. ఒకావిడ తన కాగితం మీద ఏదో రాసుకుంది. కార్యదర్శి మొహం పాలిపోయింది.

దర్జీకి విషయం అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది.  ఆవిడ దొంగచాటుగా చేసిన పనే ఇప్పుడు తోటివాళ్ళందరి మెడకూ చుట్టుకుంది. ఆవిడ నోరు విప్పకపోతే బిల్లు ఇక్కడే చస్తుంది, మూడు వందల పన్నెండు మందీ ఇంట్లోనే. నోరు విప్పితే మూడు వందల పదకొండు మంది వెనక్కి వెళ్తారు, ఆవిడొక్కతే మిగిలిపోతుంది. వద్దే, బొత్తాలు కుట్టానని చెప్పవే, అని లోపల్లోపలే బతిమాలుకున్నాడు.

నాలుకక్క సభ్యుడి వైపు చూడలేదు. వెనక్కి తిరిగి చెయ్యి చాచింది.

"ఏమండీ, ఆ పుస్తకం ఇలా ఇవ్వండి."

ఏ పుస్తకం అని అడగొచ్చు. ఇంట్లో మర్చిపోయానని చెప్పొచ్చు. ఆ రెండు మాటలూ దర్జీ నాలుక మీదికి వచ్చాయి కూడా. కానీ ఆ చాచిన చెయ్యి చూశాడు. రోజూ కత్తెర అందించమని చాచే చెయ్యే. అందులో వణుకు లేదు, బతిమాలడం లేదు, ఈయన ఇవ్వకపోవచ్చన్న అనుమానం కూడా లేదు. ఆ నమ్మకం చూసి ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది. చంకలో సంచి తీసి, టేపు తప్పించి, కత్తెర తప్పించి, పుస్తకం ఆవిడ చేతిలో పెట్టాడు. కార్యదర్శి రెండు చేతులతో మొహం కప్పుకుంది.

లెక్కల సభ్యుడు పుస్తకం తెరిచి బిగ్గరగా చదివాడు. "ఛాతీ నలభై రెండు, నడుము నలభై నాలుగు, జేబులు రెండు... ఏమిటమ్మా ఇది?"

"వెనక నుంచండీ."

తిప్పాడు.  ఆయన ఒక్కో పేజీ వేలు పెట్టి చూసుకుంటూ పోయాడు. నాలుకక్క మూడు ముక్కల్లో చెప్పేసింది: మాత్రలు వాళ్ళ దగ్గరే ఉంటాయి, తను రోజూ వెళ్ళి నిలబడింది, ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు.

"మరి మీరు ఉద్యోగంలో ఉన్నప్పటికన్నా ఇప్పుడే ఫలితం బాగుందేం?" అని అధ్యక్షురాలు అడిగింది.

"అప్పుడు మీటింగులుండేవండీ."

ఇద్దరు ముగ్గురు నవ్వారు. లెక్కల సభ్యుడు నవ్వలేదు. "ఇదంతా నిన్న కూర్చుని రాసి ఉండొచ్చు కదా?" అన్నాడు.

"రాసి ఉండొచ్చండీ," అంది ఆవిడ. కాదని వాదించను కూడా లేదు.

ఆయన మళ్ళీ పేజీల్లోకి వంగాడు. "ఈ నీలం తలుపు దగ్గర వరసగా నాలుగు అడ్డగీతలున్నాయే?"

"నాకు జ్వరమండీ ఆ నాలుగు రోజులూ. అడ్డగీతలు అందరికీ ఉంటాయి చూడండి."

"వాళ్ళు మందు వేసుకోలేదా?"

"వేసుకున్నామనే చెప్పారు. డబ్బాల్లో మాత్రలు లెక్కపెట్టాను, సరిపోయాయి కూడా."

"సరిపోయాక టిక్కే పెట్టొచ్చుగా? జీతం లేదు, పై అధికారి లేడు. ఎవరడుగుతారు మిమ్మల్ని?"

"ఎవరూ అడగరండీ. కానీ టిక్కు పెట్టేది వాళ్ళు వేసుకున్నారని కాదు, నేను చూశానని. చూడనిదానికి ఎలా పెడతాను?"

ఆయన వేలు కిందికి జారింది, ఆగింది. ఆయన కనుబొమలు పైకి లేచాయి. దొంగ దొరికినట్టు నిటారుగా కూర్చున్నాడు.

"మీ వార్డులో ఉన్నది పద్నాలుగు మందే. ఇక్కడ పదిహేనో వరస ఉంది. కత్తెర అని రాశారు. మొదటి రోజు నుంచి నిన్నటిదాకా, పదకొండు నెలలూ అడ్డగీతలే. ఒక్క టిక్కు లేదు! అంటే ఈ మనిషి మందు పూర్తిగా మానేశాడు. ఇతన్ని లెక్కలోంచి ఎందుకు దాచారు? ఎవరితను?"

నాలుకక్క మొదటిసారి తడబడింది. మెడ కొద్దిగా ఎర్రబడింది.

"ఆయన క్షయ రోగి కాదండీ."

"మరెవరు?"

"మా ఆయనండీ. బీపీ మాత్ర. రోజూ వేసుకున్నాననే అంటారు. నోరు తెరవమంటే తెరవరు."

గది గొల్లుమంది. సీసా దొర్లి ఎవరి కాగితాల మీదో నీళ్ళు పడ్డాయి. ఏడుగురు సభ్యులూ ఒక్కసారి గోడ వారకు చూశారు. దర్జీ చెవులు కాలిపోతున్నాయి. కుర్చీతో సహా గోడలోకి దూరిపోతే బాగుండునని ఉంది. పదకొండు నెలల పాటు రోజూ, ఆయన చేతి కింది పుస్తకంలోనే, ఆవిడ ఆయనకొక గీత గీసింది. గొడవ పడలేదు, దెప్పలేదు, మానలేదు.

అధ్యక్షురాలు కళ్ళు తుడుచుకుంటూ, "సొంత మొగుడికి కూడా ఒక్క టిక్కు పెట్టలేకపోయావా తల్లీ?" అంది.

"చూడలేదండీ."

ఆ మాటతో నవ్వు ఆగిపోయింది. లెక్కల సభ్యుడు పుస్తకం మూశాడు. కళ్ళజోడు తీసి కాసేపు బల్ల మీద పెట్టాడు. "నిన్న కూర్చుని రాసిన పుస్తకంలో ఇలాంటి వరస ఎవరూ రాయరు," అన్నాడు నెమ్మదిగా. "ముప్పై ఏళ్ళుగా లెక్కలు చూస్తున్నాను. ఇంత నిఖార్సయిన పుస్తకం నేను చూడలేదు."

తన ముందున్న ఫైల్లో ఆ వార్డుకు కార్యకర్త లేరు అన్న చోట ఆయన పెన్నుతో అడ్డంగా కొట్టేశాడు. దర్జీ అది చూశాడు.

అధ్యక్షురాలి మొహంలో మాత్రం సంతోషం లేదు. "అమ్మా, ఆరో క్లాజు సంగతి నీకు తెలుసా? ఈ పుస్తకం రికార్డులోకి ఎక్కిందంటే..."

"తెలుసండీ. మా కార్యదర్శి చదివి వినిపించింది."

"తెలిసి కూడా ఎందుకిచ్చావు?"

"ఆ పద్నాలుగు మందీ వాళ్ళంతట వాళ్ళే మింగారని సారు కాగితంలో ఉందండీ. అది తప్పు లెక్క. ఇరవై రెండేళ్ళలో ఒక్క తప్పు గీత పెట్టలేదు, ఇప్పుడు నా పేరు చెప్పి అంత పెద్ద తప్పు గీత పెడుతుంటే చూస్తూ ఊరుకోలేకపోయాను."

మూడు వారాలకు బిల్లు సభలో గెలిచింది. లెక్కల సభ్యుడు లేచి నిలబడి బిల్లు కోసమే మాట్లాడాడు, నీలం తలుపు నాలుగు అడ్డగీతల గురించి చెప్పాడు. ఆరో క్లాజు తీసెయ్యాలని అధ్యక్షురాలు సవరణ పెట్టింది. దానికీ ఆయన చెయ్యి ఎత్తాడు. కానీ ఒకరికి వదిలేస్తే రేపు దొంగలందరూ ఇదే దారి పడతారని మిగతావాళ్ళు భయపడ్డారు. రెండు ఓట్ల తేడాతో సవరణ పడిపోయింది. ఒళ్ళు మండుతుంది తలుచుకుంటే! దొంగ కోసం వేసిన వల, దొంగ ఎప్పుడో పారిపోయాడు, ఇరుక్కున్నది ఈవిడ. పేర్ల జాబితా వచ్చింది. మూడు వందల పదకొండు.

ఆ సాయంత్రం కొట్లో ఎవరూ లేరు. నాలుకక్క జాబితా మొత్తం చదివింది, తెలిసిన పేరు వచ్చినప్పుడల్లా వేలితో తట్టింది. చదవడం అయ్యాక మడిచి పెట్టి, ఉన్నట్టుండి ఏడ్చేసింది. దాచుకోలేదు. "నాకు నా సంచి కావాలండీ," అంది. దర్జీ ఆవిడ వీపు మీద చెయ్యి వేసి, చాలాసేపు అలాగే నిలబడ్డాడు. ఎవరి మీద అరవాలో తెలిసి ఉంటే అరిచేవాడే.

చట్టం అమల్లోకి వచ్చిన రోజు దాకా ఆవిడ రోజూ వెళ్ళి నిలబడుతూనే ఉంది. ఆ రోజు పొద్దున కార్యదర్శి గుమ్మంలోకి వచ్చింది. ఈ వార్డు ఆవిడకే ఇచ్చారు. భుజాన నాలుకక్క సంచి, పట్టీకి దర్జీ వేసిన కుట్టు. తల ఎత్తలేకపోతోంది.

"అక్కా, నన్ను నాలుగు తిట్టు. అప్పుడు గానీ నాకు మనసు నిమ్మళించదు."

"తిట్టడానికి టైమెక్కడిది, ఆరున్నర అవుతోంది," అంది నాలుకక్క. సంచి పట్టీ సరిచేసింది. "నీలం తలుపు ముందు వెళ్ళు, ఆవిడ ఏడింటికి పనికి పోతుంది. మెట్ల కింద ముసలాయనకి చెవుడు, గట్టిగా పిలువు. తాపీ వాడికి బుగ్గలు చూడు, కుడి బుగ్గ మరీ. అక్క వస్తేనే మింగుతానని మారాం చేస్తాడు, లొంగకు."

"అలాగే అక్కా."

"చూశాకే."

"చూశాకే టిక్కు. తెలుసక్కా," అంది కార్యదర్శి. గబగబా మెట్లు దిగిపోయింది.

దర్జీ మిషను ముందు కూర్చున్నాడు గానీ తొక్కడం లేదు. ఆవిడ వీధి మలుపు దాకా ఆ సంచినే చూస్తూ నిలబడింది. తర్వాత ఆవిడ కాళ్ళు, అలవాటు కొద్దీ, వాటంతట అవే చెప్పుల దగ్గరికి వెళ్ళాయి. ఒక చెప్పు వేసుకుంది. రెండో దాంట్లో కాలు పెట్టబోయి ఆగింది. ఎక్కడికీ వెళ్ళేది లేదని అప్పుడు గుర్తొచ్చినట్టుంది. వేసుకున్న చెప్పు విప్పేసి, రెండూ గోడ వారగా జరిపి, వచ్చి బొత్తాల డబ్బా ముందు కూర్చుంది. సూదిలో దారం ఎక్కించబోయింది, ఎక్కలేదు.

దర్జీ లేచాడు. అలమరలోంచి మాత్రల పట్టీ తీశాడు. గ్లాసుతో నీళ్ళు తెచ్చుకున్నాడు. వచ్చి ఆవిడ ఎదురుగా, సరిగ్గా ఎదురుగా నిలబడ్డాడు. ఆవిడ తలెత్తి చూసింది. ఆయన చిన్న తెల్ల మాత్ర నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, గుటక వేశాడు. వేసి, ఆరేళ్ళుగా తెరవని నోరు బడిపిల్లాడిలా బార్లా తెరిచాడు. నాలుక ఎత్తాడు.

 నాలుకక్క సూది పక్కన పెట్టి లేచింది. ఆయన గడ్డం పట్టుకుని మొహాన్ని కిటికీ వెలుగు వైపు తిప్పింది. అందరినీ ఎలా చూసేదో అలాగే, తొందరపడకుండా చూసింది.

"బుగ్గలు," అంది.

ఆయన అటొకటి ఇటొకటి వేలితో లాగి చూపించాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, కానీ నోరు మూయలేదు.

ఆవిడ కొలతల పుస్తకం తీసి వెనక నుంచి తిప్పింది. పెన్సిలు తీసుకుని, పదిహేనో వరసలో, బారెడు అడ్డగీతల చివర, ఒక టిక్కు పెట్టింది. పెట్టి దాని వంక కాసేపు చూసుకుంది.

"రేపు ఆరున్నరకి," అంది.